పైకోర్టు మీ చెల్లెల్ని పిలవదు, ఆమె చెప్పింది చదువుతుంది

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. 2021లో మా చెల్లెలి మీద మా ఊరివాడే అత్యాచారం చేశాడు. అప్పటికే ఆమె మేజర్. పెద్దమనుషులు పంచాయితీ చేసి తేలుస్తామని ఆపడంతో మూడు రోజుల తర్వాత స్టేషన్‌కు వెళ్లాం. చిత్తూరు సెషన్స్ కోర్టు వాడికి పదేళ్ల శిక్ష వేసింది. ఇప్పుడు హైకోర్టులో అప్పీలు వేసి, బెయిలు కూడా అడిగాడు. "చూసినవాళ్లు లేరు, డాక్టరు రిపోర్టులో గాయాల్లేవు, ఒకసారి సాయంత్రం ఆరున్నర అంది, క్రాస్‌లో (వాళ్ల వకీలు ప్రశ్నలడిగినప్పుడు) ఏడు దాటిందంది, కేసు పైన నిలబడదు" అని వాళ్లవాళ్లు ఊరంతా చెబుతున్నారు. చెల్లెలు అమరావతి వెళ్లి మళ్లీ అందరి ముందూ చెప్పాలా? ఆ టెన్షన్‌తో ఆమె అన్నం కూడా సరిగా తినడం లేదు.
– ఒక అక్క, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ చెల్లెలు మళ్లీ సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ఈ మాట ఈ రోజే ఆమెకు చెప్పండి. అప్పీలంటే కేసును మొదటి నుంచి నడపడం కాదు. ఫిర్యాదు, మేజిస్ట్రేటు దగ్గరిచ్చిన వాంగ్మూలం, సాక్షుల డిపోజిషన్లు (బోనులో చెప్పింది రాసుకున్న కాగితాలు), డాక్టరు రిపోర్టు, తీర్పు, ఇలా చిత్తూరు కోర్టు రికార్డంతా అమరావతి నేలపాడులోని హైకోర్టుకు వెళ్తుంది. న్యాయమూర్తి దాన్ని చదివి, రెండు వైపులా వకీళ్ల వాదన వింటారు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకు ఉంది గానీ, దాన్ని వాడేది చాలా అరుదు.

ఇక ఊళ్లో వాళ్లు అంటున్న మాటలు. చూసినవాళ్లు లేరంటున్నారు. ఇలాంటి నేరం నలుగురి ముందు ఎవడూ చేయడు, ఆ సంగతి కోర్టులకూ తెలుసు. బాధితురాలిని నేరంలో భాగస్వామిని చూసినట్టు అనుమానంగా చూడకూడదని, దెబ్బలు తిన్న సాక్షికి ఇచ్చే విలువే ఆమె మాటకూ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1990లో మహారాష్ట్ర కేసులో చెప్పింది. అంతకుముందు 1983లో గుజరాత్ కేసులోనూ, తర్వాత 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనూ చెప్పింది ఇదే: ఆమె సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే, వేరే ఆధారం లేకపోయినా ఆ ఒక్కదాని మీదే శిక్ష వేయవచ్చు.

అలాగని బాధితురాలు చెప్పిందల్లా కళ్లు మూసుకుని నమ్మమని ఏ తీర్పూ అనలేదు. ఆమె మాటను యాంత్రికంగా వేదవాక్కుగా తీసుకోకూడదని 2008లో సుప్రీంకోర్టే అంది. ఒక్క సాక్షి మీదే శిక్ష నిలబడాలంటే, మొదటి ఫిర్యాదు నుంచి కోర్టు బోను దాకా ఆ కథనం గట్టిగా ఒకే తీరున ఉండాలని 2012లో చెప్పింది. ఇది సరైన నియమమే. పదేళ్లు జైలుకు పంపేటప్పుడు పరీక్ష గట్టిగానే ఉండాలి. కాబట్టి హైకోర్టు చూసేది ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు అన్న అసలు విషయాల్లో మీ చెల్లెలి మాట మారిందా లేదా అని.

ఆరున్నరా, ఏడా అన్న తేడా ఆ కోవలోకి రాదు. మనిషి జ్ఞాపకం ఫొటో కాదని, టైము విషయంలో సాక్షులు అందాజుగానే చెబుతారని, క్రాస్‌లో వకీలు గుక్క తిప్పుకోనివ్వకుండా అడిగితే తడబడటం సహజమని 1983 తీర్పులోనే ఉంది. టైము మీదే కేసంతా ఆధారపడి ఉంటే, అంటే ఆ గంటలో తాను ఇంకో ఊళ్లో ఉన్నానని ముద్దాయి రుజువులు చూపించి ఉంటే, అప్పుడది పెద్ద విషయమే. మీరు రాసినదాన్లో అలాంటిదేమీ లేదు.

ఊళ్లోవాళ్ల మాటలు పక్కనపెట్టి డిపోజిషన్ కాపీ మీరే చదవండి. క్రాస్ పేజీల్లో చాలా వాక్యాలు "నిజం కాదు" అని ముగుస్తాయి. "పొలం గట్టు తగాదా మనసులో పెట్టుకుని తప్పుడు కేసు పెట్టామనడం నిజం కాదు." "నేను ఇష్టపడే అతనితో వెళ్లాననడం నిజం కాదు." అచ్చులో ఇలాంటివి వరసగా చూసి ఇంటివాళ్లు బెదిరిపోతారు, ఏదో ఒప్పుకున్నట్టే ఉందే అనుకుంటారు. అవి ముద్దాయి వకీలు వేసిన ప్రశ్నలు. ఆమె కాదన్నాక, వాటికవే సాక్ష్యం కావు. మీరు వెతకాల్సింది "నిజమే" అని ముగిసే వాక్యాల కోసం. "ఆ దారి పక్కన ఇళ్లున్న మాట నిజమే" అని ఉంటే, ఆ వెంటనే "అరిచాను, ఎవరూ రాలేదు" అనో, "నోరు నొక్కేశాడు" అనో ఉందేమో చూడండి. అప్పీలులో వాదన నడిచేది ఇలాంటి చోట్లే. ఇంకో విషయం. "పోలీసులకు అప్పుడు ఇలా చెప్పలేదు" అని ఎత్తిచూపాలంటే ఆ తేడాను ఆమె బోనులో ఉండగానే ఆమెకు చూపించి అడిగి ఉండాలి, దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేసి ఉండాలి. అప్పుడు అడగనిదాన్ని ఇప్పుడు హైకోర్టులో కొత్తగా తీసి ఆమె మాటకు వ్యతిరేకంగా వాడుకోవడం కుదరదు.

మూడు రోజుల ఆలస్యం గురించి మీ అందరికంటే నాకు ధైర్యం ఎక్కువ. దానికి కారణం గుర్మీత్ సింగ్ కేసే. 1984లో పంజాబ్‌లో పరీక్ష రాసి వస్తున్న పదహారేళ్లు నిండని అమ్మాయిని కారులో ఎత్తుకుపోయారు. ఇంట్లో చెప్పాక తండ్రి ముందు సర్పంచి దగ్గరికి వెళ్లాడు, పంచాయితీ జరిగింది, రాజీ ప్రయత్నం నడిచింది, అక్కడ న్యాయం దొరకలేదని తేలాకే పోలీసుల దగ్గరికి వెళ్లారు. కింది కోర్టు ఆ ఆలస్యాన్ని తప్పుపట్టింది. ఆ కారు ఫియట్టో అంబాసిడరో చెప్పలేకపోయిందని, మర్నాడు పొద్దున వెళ్లి పరీక్ష రాసిందే గానీ అక్కడెవరికీ చెప్పలేదని అనుమానించి, ముద్దాయిల్ని వదిలేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి శిక్ష వేసింది. పరువు, పిల్ల భవిష్యత్తు అని ఇంటివాళ్లు ఆగడం సహజమని, ఆలస్యానికి కారణం చెప్పగలిగితే కేసుకు దెబ్బ కాదని అంది. మన పల్లెల్లో జరిగేదీ అచ్చం ఇదే కదమ్మా. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ పంచాయితీ సంగతి ఫిర్యాదులోనో, మీ చెల్లెలి సాక్ష్యంలోనో, మీ నాన్నగారి సాక్ష్యంలోనో ఉందా? ఉంటే ఆలస్యానికి జవాబు రికార్డులోనే ఉన్నట్టు.

గాయాలు లేకపోవడం కూడా కేసును పడగొట్టదు. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని 2013 సవరణతో చట్టంలోనే రాశారు. మూడు రోజులయ్యాక, స్నానాలయ్యాక, బట్టలు ఉతికాక డాక్టరుకు ఏమీ కనబడకపోతే వింతేముంది? డాక్టరుది అభిప్రాయం మాత్రమే, అత్యాచారం జరిగిందో లేదో తేల్చేది కోర్టు. రిపోర్టులో ఆమె పాత జీవితం మీద ఏదైనా వ్యాఖ్య ఉంటే, సమ్మతి తేల్చడానికి దాన్ని వాడుకోకూడదు. పాత లైంగిక అనుభవం ఉందా అని డాక్టర్లు వేళ్లతో చూసే రెండు వేళ్ల పరీక్ష చేస్తే ఆ చేసినవాళ్లదే దుష్ప్రవర్తన అని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

కేసు నిలబడటం ఖాయమని మాత్రం మీకు మాటివ్వలేను. శిక్ష మీద అప్పీలులో హైకోర్టు సాక్ష్యాన్నంతా తనంతట తాను మళ్లీ తూచి చూస్తుంది. బోనులో మనిషిని కళ్లారా చూసిన సెషన్స్ జడ్జి అభిప్రాయానికి విలువుంటుంది గానీ అదే ఆఖరి మాట కాదు. మీకు తీర్పు ఎదురు తిరిగితే సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉంటుంది.

మీకు ఇప్పుడు తొందర పని బెయిలు పిటిషన్. శిక్ష పడ్డాక ముద్దాయిని నిర్దోషి అనుకునే అవకాశం ఇక ఉండదు. తీర్పులో పైకి కనిపించే పెద్ద లోపమేదైనా ఉంటే తప్ప ఇంత తీవ్రమైన కేసులో శిక్షను ఆపకూడదని 2023లో సుప్రీంకోర్టు అంది. అయినా అప్పీలు ఏళ్ల తరబడి తేలదనుకుంటే బెయిలు ఇచ్చే సందర్భాలుంటాయి. ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తారు, అది సరిపోతుందని ఊరుకోకండి. కేసులో ప్రతి దశలోనూ తన మాట వినిపించుకునే హక్కు బాధితులకు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వైపు నుంచి ఒక వకీలు నిలబడి, బెదిరింపులేమైనా ఉంటే తేదీలతో సహా చెప్పాలి. ఫీజు గురించి భయపడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఈలోగా రాజీ మాటలతో ఎవరైనా వస్తే, ఏ కాగితం మీదా చెల్లెలి చేత సంతకం పెట్టనివ్వకండి. అత్యాచారం కేసులో రాజీ చూపించి శిక్ష తగ్గించడం కుదరదని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అలాంటి అఫిడవిట్ ఒకటి చేతికి దొరికితే బెయిలు వాదనలో దాన్ని ఆమె మాట మీదికే తిప్పుతారు. వాట్సాప్‌లో ఆమె పేరో ఫొటోనో పెడితే అదే వేరే నేరం, రెండేళ్ల దాకా జైలు. స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

రేపే చిత్తూరు వెళ్లి తీర్పు, మీ చెల్లెలి డిపోజిషన్, దర్యాప్తు అధికారి డిపోజిషన్, వీటి సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టండి. తీర్పు వల్ల ప్రభావితమైనవాళ్లు ఎవరైనా అవి అడగవచ్చు. అప్పీలు నంబరు కనుక్కుని ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ చూడండి. కాపీలు వచ్చేదాకా ఆగకుండా, బెయిలు వాయిదాకు ముందే మీ వకీలు మెమో (మీ తరఫున హాజరవుతున్నానని తెలిపే కాగితం) వేసేలా చూడండి.