విధిని నమ్మే అమ్మాయి, నమ్మని అబ్బాయి: నీ నవల గురించి నాలుగు మాటలు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన చాప్టర్లన్నీ చదివేశా. డైలాగులు రాయడం నీకు బాగా వచ్చు, మొదటి పేజీలోనే తెలిసిపోయింది, అందుకే పొగుడుతూ కూర్చోకుండా నన్ను ఇబ్బంది పెట్టిన విషయానికే వచ్చేస్తా. నీ హీరోయిన్ అంతా రాసిపెట్టినట్టే జరుగుతుందని నమ్ముతుంది, హీరో అదంతా కాకతాళీయం అంటాడు, బాగుంది. కానీ నువ్వు వాళ్లని బస్టాప్‌లో ఒకసారి, ఆస్పత్రి కారిడార్‌లో ఒకసారి, ఆఖరికి ఊరు కాని ఊళ్లో రైల్లో ఎదురెదురు సీట్లలో ఒకసారి కలిపావు, ఆ రైల్లో వాడు కళ్లు తుడుచుకుని "నువ్వు చెప్పిందే నిజం" అనేశాడు. అక్కడ నాకు వాడి మీద జాలేసింది. వాళ్లకి ఆ సీట్లు ఇచ్చింది విధి కాదు కదా, నువ్వు. కథలో అందరి నుదుటి రాతా రచయిత చేతిలోనే ఉంటుంది, ఆ బలమంతా తీసుకెళ్లి ఒకళ్ల వైపు పెట్టేస్తే రెండోవాళ్లు వాదన మొదలవ్వకముందే ఓడిపోయినట్టు.

దీనికి తిరగేసి రాసేవాళ్లూ ఉన్నారు. అమ్మాయి నమ్మకం ఏదో చిన్నప్పటి దెబ్బ వల్ల వచ్చిందని చూపించి, అబ్బాయి లాజిక్‌తో దాన్ని వదిలించేసరికి ఆమెకి బుద్ధొచ్చినట్టు ముగిస్తారు. అదీ ఇంతే అన్యాయం.

కాకతాళీయాలే వద్దనట్లేదు. ఇద్దర్నీ కలపడానికి ఒకటి వాడుకో, చదివేవాళ్లు ఏమీ అనుకోరు. ఆ తర్వాత వచ్చేవి మాత్రం వాళ్లని చిక్కుల్లోకి నెట్టాలి గానీ చిక్కుల్లోంచి బయటపడెయ్యకూడదు. ఆ రైలు సీనే తీసుకో, ఆమె ఏ రైల్లో వెళ్తోందో వాడే కనుక్కుని, వాడే టికెట్ కొనుక్కుని వచ్చాడనుకో, ఆమె దాన్ని రాతే అనుకోవచ్చు, వాడు నేను లైన్లో నిలబడి కొన్న టికెట్ అనుకోవచ్చు, ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు, నువ్వు తీర్పు చెప్పాల్సిన అవసరమూ రాదు.

ఇక హీరో వాదనలు చాలా వీక్‌గా ఉన్నాయి. "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని విసుక్కోవడం తప్ప వాడి దగ్గర సరుకు లేదు. నిజంగా ఆలోచించి నమ్మడం మానేసినవాడి దగ్గర బోలెడు ఉంటుంది. జేమ్స్ బొస్సార్డ్ అనే సోషియాలజిస్టు ఫిలడెల్ఫియాలో 5000 పెళ్లి లైసెన్సులు పరిశీలించి 1932లో ఒక పేపర్ వేశాడు, దాదాపు మూడో వంతు జంటలు ఒకరికొకరు ఐదు వీధుల దూరంలోపే ఉంటున్నారట. నీ హీరోకి ఇలాంటివి తెలిసుండాలి. నువ్వు రాసిన పార్టీ సీన్‌లో ఇద్దరి పుట్టినరోజూ ఒకటే అని తెలిసి ఆమె మురిసిపోతుంది, వాడు భుజాలెగరేసి ఊరుకుంటాడు. ఊరుకోకూడదు. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగం కంటే ఎక్కువ, ఇది లెక్కే, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. వాడు ఆ లెక్క ఒక పేపర్ నాప్‌కిన్ మీద వేసి చూపించాలి, ఉత్సాహంగా, ఆమెని ఓడించడానికి కాదు, తనకి ఇష్టమైనది ఆమెకి చూపించాలని. ఆమె అంతా విని, "ఎవరో ఇద్దరు అయ్యుండొచ్చు, కానీ అయ్యింది మనం కదా" అనాలి. దానికి వాడి దగ్గర జవాబు లేదు. అలాగని వాడి లెక్కా తప్పు కాదు. ప్రేమ మొదలయ్యేది ఇలాంటి చోటే అని నాకు గట్టి నమ్మకం.

హీరోయిన్‌ని కూడా ఎవరో వచ్చి నడిపించేదాకా కూర్చునే మనిషిగా చెయ్యకు. అరణ్యపర్వంలో సావిత్రిని చూడు. సత్యవంతుడికి ఇంకా ఏడాదే ఆయుష్షు అని నారదుడు ముందే చెప్పేశాడు, తండ్రి వేరేవాణ్ణి ఎంచుకోమన్నాడు, అయినా అతన్నే చేసుకుంది, ఆ రోజు రాగానే యముడి వెనకాలే నడిచి మాటలతోనే భర్త ప్రాణం తిరిగి తెచ్చుకుంది. విధిని నమ్మిన మనిషే విధితో వాదించింది. నీ అమ్మాయిలో ఆ పట్టుదల ఒక పిసరు ఉన్నా చాలు.

అసలు సంగతి ఇంకోటుంది, నీ నవల్లో అది ఎక్కడా రాలేదు. ఈ అభిప్రాయభేదం డిబేట్ కాదు, ఇద్దరికీ గుచ్చుకునే ముల్లు. "మనం కలవాలని ముందే రాసుంది" అని ఆమె ప్రేమగా అంటుంది. వాడికేమో, అంటే నేను నిన్ను ఎంచుకోలేదా, ఇంతమందిలో నువ్వే కావాలనుకుని నేను చేసిందంతా లెక్కలోకి రాదా అని ఉక్రోషం. "ఆ రోజు ఆ బస్సు మిస్సవ్వకపోతే మనకి పరిచయమే లేదు" అని వాడు మామూలుగా అంటాడు. ఆమెకి వినపడేది, నీ చోట ఇంకెవరున్నా నాకు సరిపోయేది అని. ఇద్దరూ చెప్పాలనుకున్నది ఒకటే, నువ్వంటే నాకు ఇష్టం అని, కానీ ఒకళ్ల ఇష్టం ఇంకొకళ్లకి అవమానంలా తగులుతోంది. దీని మీద ఎంత రాసినా తక్కువే, నీ మూడు కాకతాళీయాలకి పెట్టిన పేజీలన్నీ ఇక్కడ పెట్టు.

ఇంకో సంగతి, ప్లాట్‌కి పనికొస్తుంది. రేమండ్ నీ (Knee) అనే సైకాలజిస్టు 1998లో ప్రేమ గురించి మనుషుల నమ్మకాల మీద ఒక స్టడీ పబ్లిష్ చేశాడు. రాసిపెట్టి ఉంటుందని గట్టిగా నమ్మేవాళ్లలో, బంధం ఎన్నాళ్లు నిలుస్తుందనేది మొదట్లో ఎంత సంతోషంగా ఉన్నారన్నదాని మీద ఎక్కువ ఆధారపడిందని తేలింది, అంటే మొదలు బాగుంటే ఎక్కువ కాలం ఉండటం, బాగోకపోతే తొందరగా వదిలేసుకోవడం. ఇందులో నీకు ఎంత కథ ఉందో చూడు. అందరూ నమ్మనివాడే వదిలేసి పోతాడనుకుంటారు. పెద్ద గొడవైన రోజు "అయితే నువ్వు కాదేమో" అని ముందు లేచేది ఆమే అయితే? అన్నీ సంకేతాలే అనుకునే మనిషికి ఆ గొడవా సంకేతమే కదా. అప్పుడు వెనక్కి పిలవాల్సింది ఏ రాతనీ నమ్మనివాడు, పైగా "మనకి రాసుంది" అన్న ఒక్క మాట అంటే ఆమె ఆగిపోతుందని వాడికి తెలుసు, అబద్ధం చెప్పి ఆపాలా, నిజం చెప్పి పోగొట్టుకోవాలా? నేనైతే వాడి చేత ఆ మాట అనిపించను.

మిగతా చాప్టర్లు ఇప్పుడు ముట్టుకోకు. ముందు ఈ గొడవ ఒక్కటే రెండుసార్లు రాయి, ఒకసారి ఆమె వైపు నుంచి, ఇంకోసారి వాడి వైపు నుంచి. రెండూ చదివినప్పుడు నువ్వెవరి పక్షమో నాకు తెలియకూడదు. రాశాక రెండూ పంపు, బాగా రాలేదనిపించినా పంపు.

ప్రేమతో,
మీ అక్క