స్టెంట్ వేశాక నాన్న గడప దాటడం లేదు, ఏం చెయ్యాలి?

మీ నాన్నగారికి స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసి రెండు నెలలైందని, ఎకో (గుండె స్కాన్) బాగానే ఉన్నా కదలరని, చీటికీమాటికీ చిరాకు పడుతున్నారని రాశారు. విజయనగరంలో మా నాన్నకీ ఇంతే. గుండె కుదుటపడినా గుబులు తగ్గలేదు.

ఇది మొండితనం కాదండి. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. మెట్లెక్కితే ఎవరికైనా దడ వస్తుంది, కానీ ఒకసారి చావుని చూసొచ్చిన మనిషికి ప్రతి దడా రెండో పోటులాగే తోస్తుంది. దాంతో కదలరు. కదలకపోతే సత్తువ పోయి నాలుగడుగులకే ఆయాసం, ఇక భయం నిజమేననిపిస్తుంది. పరామర్శకొచ్చినవాళ్లు "కూర్చోండి, కూర్చోండి" అంటుంటే అది ఇంకా ముదురుతుంది.

మాకు పనిచేసింది ఒకటి చెప్తాను. డాక్టరు గారు తన ఎదుటే నాన్నని ఆరు నిమిషాలు నడిపించి, నాడి, బీపీ ఆయనకే చూపించారు. మేం ఎన్ని చెప్పినా నమ్మని మనిషి అప్పుడు నమ్మారు. మీరూ ఆ పరీక్ష అడగండి. తర్వాత మా నాన్న వీధి చివరి కిళ్లీకొట్టు దాకా, కొన్నాళ్లకి గంటస్తంభం దాకా నడిచారు. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగం. మాట తెగుతుంటే నెమ్మదించాలి. ఛాతీలో బరువు, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే ఆగిపోయి 108కి ఫోన్ చెయ్యాలి.

"ఆరోగ్యం కోసం నడవండి" అంటే కదలని నాన్న, మామిడితోట చూసొద్దామంటే లేచారు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో జరిగి 2020లో అచ్చయిన యోగా-కేర్ పరిశోధనలో, గుండెపోటు తర్వాత యోగాతో కోలుకునే శిక్షణ తీసుకున్నవాళ్లకి మరణాలు, మళ్లీ పోట్లు తగ్గాయని తేలలేదు గానీ, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం మెరుగైంది. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

చుట్ట అలవాటుంటే తిట్టొద్దు, ఏ వేళకి మనసు లాగుతోందో చూడండి. మా నాన్నకి భోజనం అవగానే లాగేది. ఆ వేళకి మనవరాలు అష్టాచెమ్మా పరిచేది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపనివ్వకండి, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటినా, బతుకు మీద విరక్తి మాటలొచ్చినా ఆలస్యం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మానసిక వైద్యుడి దగ్గరికెళితే గుండె మందుల చీటీ తప్పక చూపించండి. పాతరకం డిప్రెషన్ మందులు కొన్ని గుండెజబ్బు ఉన్నవాళ్లకి పడవు.