మీ ఉత్తరం, నా జవాబు: నవ్వించినవాడి ఉద్యోగం

దేవరకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి:

అమ్మా, నమస్కారం. మాది మర్రిగూడ మండలం. మా నానమ్మకు ఫ్లోరోసిస్ ఉంది. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. గత నెల ఒక టీవీ కామెడీ కార్యక్రమంలో ఒక నటుడు కర్ర పట్టుకుని, మోకాళ్లు దగ్గరకు వంచి, ‘నల్గొండ నీళ్లు తాగి వచ్చాను’ అంటూ వేదికంతా తిరిగాడు. జడ్జీలు పడీ పడీ నవ్వారు. నానమ్మ కూడా మాతో కూర్చుని చూస్తోంది. ఏమీ అనలేదు. లేచి వెళ్లి పడుకుంది. ఆ నటుడు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో కనుక్కున్నారు. ప్రిన్సిపాల్ నంబరు పెట్టారు. అతన్ని తీసేయమని అందరూ ఫోన్లు చేస్తున్నారు. నేనూ ఒకసారి చేశాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మేము చేస్తున్నది సరైనదేనా?

జవాబు: బాబూ, నానమ్మ లేచి వెళ్లి పడుకుందన్న చోట చాలాసేపు ఆగిపోయాను. మాది చండూరు వైపు. ఆ నడకను నేను చిన్నప్పటి నుంచి చూశాను. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. కీళ్లు బిగుసుకుపోయి, పక్క నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. నీటి శాస్త్రం పుస్తకాల్లోకి మన జిల్లా పేరు ఆ విధంగా ఎక్కింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. నీళ్లు మారినంత మాత్రాన వంగిన ఎముక మళ్లీ నిలబడదు.

‘నల్గొండ నీళ్లు’ అన్న మాట రాసినవాళ్లకు ఈ సంగతంతా తెలుసు. తెలియకపోతే ఆ మాట తట్టదు. నాకు కోపం వచ్చింది అందుకే. నీ కోపం న్యాయమైనది. దాన్ని తగ్గించుకోమని నేను చెప్పను.

కానీ కాలేజీకి ఫోన్లు ఈ రోజే ఆపండి. గ్రూపులోంచి ఆ నంబరు తీసేయించు. ఆ ప్రిన్సిపాల్ ఆ కార్యక్రమాన్ని తీయలేదు, ప్రసారం చేయలేదు, దాని మీద ఒక్క రూపాయి సంపాదించలేదు. ల్యాబ్‌లో సీసాలు కడిగి పెట్టే పనికీ ఆ స్కిట్‌కూ సంబంధం లేదు. ఫోన్లు భరించలేక ఆయన ఆ అబ్బాయిని తీసేస్తే ఒక ఇంట్లో జీతం ఆగుతుంది. ఆ స్కిట్ రాసినవాడు, దాన్ని ఒప్పుకున్న నిర్మాత, ఎడిటింగ్ గదిలో ఆ నడక మీద నవ్వుల శబ్దం అతికించినవాడు, అంతా చూసి ప్రసారానికి సరేనన్న చానెల్ అధికారి, వీళ్లెవరి ఇంటికీ సెగ తగలదు. వచ్చే వారం మరో కుర్రాడికి మరో కర్ర ఇస్తారు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు చెప్పాలి. 1989లో నేను ఒక రేడియో కేంద్రంలో గ్రామీణుల కార్యక్రమం చూసేదాన్ని. ఒక హాస్య నాటికలో నత్తిగా మాట్లాడే చేనేత కార్మికుడి పాత్ర ఉంది. నూలు ధర చెప్పలేక తడబడుతుంటే షావుకారు మోసం చేస్తాడు, అదే హాస్యం. స్క్రిప్టు చదివి సంతకం పెట్టింది నేనే. ప్రసారమైన వారానికి చౌటుప్పల్ దగ్గరి ఊరి నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. ‘మా అమ్మాయికి నత్తి. ప్రతి వారం మీ కార్యక్రమం కోసం రేడియో దగ్గర కూర్చునేది. ఆ రోజు తానే కట్టేసింది’ అని ఒక తండ్రి రాశాడు. ఇంకో నాలుగు కార్డులు వచ్చాక పై అధికారి పిలిచి, ఆ పాత్ర వేసిన క్యాజువల్ ఆర్టిస్టుకు ఇక బుకింగులు ఇవ్వవద్దన్నారు. నేను తల ఊపాను. ‘స్క్రిప్టు ఒప్పుకున్నది నేను’ అన్న మాట నా నోటి నుంచి రాలేదు. ఆ మనిషి ఏడాది పాటు మా గేటు దగ్గరికి వచ్చి అడిగి వెళ్లేవాడు. ఆ తండ్రికి మేము జవాబు కూడా రాయలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను దిద్దుకోలేకపోయిన తప్పు అది.

అమెరికాలో 2007 ఏప్రిల్ 4న డాన్ ఐమస్ అనే పేరున్న రేడియో వ్యాఖ్యాత, రట్గర్స్ విశ్వవిద్యాలయం అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు గురించి నీచంగా మాట్లాడాడు. జట్టులో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. ముందురోజే జాతీయ ఫైనల్ ఆడి ఓడి వచ్చారు. అతను వాళ్ల జాతినీ ఆడతనాన్నీ కలిపి వెక్కిరించాడు. యాజమాన్యాలు మొదట రెండు వారాల సస్పెన్షన్‌తో సరిపెట్టబోయాయి. నిరసన పెరిగింది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్, జనరల్ మోటార్స్ వంటి పెద్ద కంపెనీలు ప్రకటనలు ఆపేశాయి. 11వ తేదీన ఆ కార్యక్రమాన్ని టీవీలో చూపే ఎంఎస్ఎన్‌బీసీ దాన్ని వదిలేసింది, 12న సీబీఎస్ రేడియో అతన్ని తొలగించింది. 4వ తేదీన అన్న మాట 12వ తేదీకి మారలేదు. మారినది ప్రకటనల లెక్క. అదే ఏడాది డిసెంబరులో అతను వేరే రేడియోలో మళ్లీ మైకు ముందు కూర్చున్నాడు.

అక్కడ ఒత్తిడి పడింది మైకు ఇచ్చిన సంస్థ మీద, ఆ మైకుతో లాభపడిన ప్రకటనదారుల మీద. అది న్యాయమే. మైకు ఎవరికీ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. చెప్పినా వినకుండా మళ్లీ మళ్లీ అదే చేసేవాడి నుంచి దాన్ని తీసుకోవచ్చు. కానీ నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది తొలగింపు జరిగిన రోజు సాయంత్రమే జరిగిన మరో విషయం. న్యూజెర్సీ గవర్నరు నివాసంలో ఆ అమ్మాయిలు, వాళ్ల కోచ్ ఐమస్‌ను ముఖాముఖి కలిశారు. తమకు ఎలా అనిపించిందో చెప్పారు. క్షమాపణను స్వీకరించారు. ఆ గదిలో నిర్ణయం అమ్మాయిలది.

ఇక ప్రసారానికి ముందే ఆపగలిగిన వాళ్ల సంగతి. 2008 అక్టోబరులో బీబీసీ రేడియో 2లో ఇద్దరు ప్రముఖ వ్యాఖ్యాతలు, రసెల్ బ్రాండ్, జొనాథన్ రాస్, ఒక వృద్ధ నటుడి ఫోనులో ఆయన మనవరాలి గురించి అసభ్యమైన సందేశాలు వదిలారు. అది ప్రత్యక్ష ప్రసారం కాదు. 16న రికార్డు చేసి 18న ప్రసారం చేశారు. మధ్యలో రెండు రోజులున్నాయి. అందుకే అక్కడ లెక్క వ్యాఖ్యాతలతో ఆగలేదు. బ్రాండ్ తప్పుకున్నాడు, రాస్‌ను 12 వారాలు జీతం లేకుండా పక్కన పెట్టారు, రేడియో 2ను నడిపే అధిపతే రాజీనామా చేసింది. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ బీబీసీకి లక్షన్నర పౌండ్ల జరిమానా వేసింది. మీరు చూసిన స్కిట్ కూడా రికార్డు చేసినదే.

కాబట్టి చానెల్‌కు రాయండి. కార్యక్రమం పేరు, తేదీ, సమయం, ఎన్నో నిమిషంలో ఏమన్నారో స్పష్టంగా ఉండాలి. కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో 1994 నుంచి ప్రోగ్రామ్ కోడ్ ఉంది. మర్యాదకు విరుద్ధమైనవి, వ్యక్తులనో కొన్ని వర్గాలనో కించపరిచేవి ప్రసారం చేయరాదని ఆరో నిబంధన. 2021 సవరణ ప్రకారం చానెల్ 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే, తేల్చింది నచ్చకపోతే చానెళ్ల స్వీయ నియంత్రణ మండలికి అప్పీలు చేసుకోవచ్చు. నలభై తిట్ల కంటే తేదీ వేసి పంపిన ఒక్క కాగితానికి బలం ఎక్కువ, అవతలి బల్ల వెనక కూర్చున్నదానిగా చెబుతున్నాను.

ఆ కాగితంలో ఏమి అడగాలన్నది మాత్రం నువ్వు, నీ గ్రూపు నిర్ణయించకండి. వికలాంగుల చిత్రణ మీద 2024 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, వాళ్లను భాగస్వాములను చేయకుండా వాళ్ల గురించి ఏదీ తేల్చకూడదన్న సూత్రాన్ని ప్రస్తావించింది. నానమ్మ దగ్గర కూర్చుని అడుగు. ఆ ముక్క తీసేయాలంటుందా, అదే కార్యక్రమంలో క్షమాపణ చెప్పాలంటుందా, ఆ కుర్రాడినీ రాసినవాళ్లనూ మర్రిగూడకు పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుంటానంటుందా. ఆమెకు ఆ ప్రస్తావనే వద్దనిపిస్తే అదీ విను. ప్రిన్సిపాల్‌కు కూడా ఒక ఫోను బాకీ ఉన్నావు. నా పొరపాటు అని చెప్పు. నీకు పట్టే సమయం రెండు నిమిషాలు, నాకు ముప్పై ఏళ్లు దాటినా సాధ్యం కాలేదు.

సూర్యాపేట నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:

ప్రతిదానికీ మనోభావాలు దెబ్బతింటే ఇక హాస్యం బతుకుతుందా? మన ఊళ్లలో పూర్వం ఎన్ని వెక్కిరింతలు లేవు?

జవాబు: ఉండేవి, నిజమే మాస్టారూ. ఊరూరా తిరిగే పిట్టల దొర వేషగాణ్ణి మీరు చూసే ఉంటారు. ఖాకీ కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకీ. తనకు వేల ఎకరాలున్నాయని, పట్నమంతా తనదేనని గడియకో కోత కోసేవాడు. చిల్లిగవ్వ లేనివాడు దొరలా మాట్లాడుతుంటే ఊరంతా విరగబడి నవ్వేది, ఆ నవ్వు అసలు దొర ఉండే గడీ గోడకు వెళ్లి తగిలేది. గుక్కెడు నీళ్ల కోసం కుంటుతూ వెళ్లే ముసలమ్మకు ఆ నవ్వుతో భయం లేదు. నేను చెప్పిన తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ తేడాను మరో విధంగా పట్టుకుంది. వైకల్యాన్ని తక్కువ చేసే హాస్యం వేరు, దాని గురించి మనకున్న అపోహలను కదిలించే హాస్యం వేరు అంది. ఫ్లోరోసిస్ ఉన్న మనిషే వేదికెక్కి, బోరు వేయించి ఫోటో దిగి మళ్లీ కనిపించని నాయకుడి మీద స్కిట్ వేస్తే మొదటి వరుసలో కూర్చుని చూస్తాను.

మహబూబ్‌నగర్ నుంచి ఒక బట్టల దుకాణం యజమాని:

లోకల్ కేబుల్ చానెల్‌కు పండుగ ప్రకటనలు ఇస్తాను. వాళ్ల దసరా కార్యక్రమంలో యాంకరమ్మాయి వలస కూలీలను, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెనక ముంబయి బస్సెక్కే ఆడవాళ్లను ఎగతాళి చేసిందట. ప్రకటన ఆపకపోతే దుకాణం బహిష్కరిస్తామని ఫోన్లు వస్తున్నాయి. నా తప్పేమిటి?

జవాబు: తప్పు మీది కాదు. మీ డబ్బు అక్కడ ఉంది కాబట్టి మాట చెల్లేదీ మీదే. పీర్ల పండుగకు, దసరాకు ముంబయి నుంచి, పుణె నుంచి దిగి మీ దుకాణంలో ఇంటిల్లిపాదికీ బట్టలు కొనేది ఆ ఆడవాళ్లే కదా. ముందు ఆ కార్యక్రమాన్ని మీరే పూర్తిగా చూడండి. విన్నమాట మీద ఏ నిర్ణయమూ వద్దు. నిజంగా అలాగే ఉంటే చానెల్ యజమానికి ఉత్తరం రాయండి. ఆ మాటలు రాసింది ఎవరో, ముందుగా చూసింది ఎవరో అడగండి. అదే వేళకు క్షమాపణ ప్రసారం చేసేవరకు ప్రకటన ఆపుతున్నానని చెప్పండి. స్థానిక కేబుల్ చానెల్ అయినా ప్రోగ్రామ్ కోడ్ తప్పదు. కేబుల్ టెలివిజన్ చట్టం కింద చర్య తీసుకునే అధికారం జిల్లా కలెక్టరుకూ ఉంది. యాంకరమ్మాయిని తీసేయమని మాత్రం రాయకండి. ‘ఆమెను పంపించేశాం, ప్రకటన మొదలుపెట్టండి’ అని వాళ్లే రేపు మీకు ఫోను చేస్తారు. అప్పుడు క్షమాపణ ఎప్పుడని మళ్లీ అడగండి.