ఇంజిన్ ఆగితే ‘మేడే’ ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: సెస్నా 172 (ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం) మీద శిక్షణ పొందుతున్నాను. ఇంజిన్ ఆగితే ముందు స్టార్ట్ చేసి చూడాలి, ఎంతకీ కాకపోతేనే మేడే (ప్రాణాపాయంలో రేడియోలో చెప్పే పిలుపు) చెప్పాలి, తొందరపడితే సంజాయిషీ ఇచ్చుకోవాలి అంటున్నారు తోటివాళ్ళు. నిజమేనా?
– ఓ పాఠకుడు, జయపురం (కొరాపుట్ జిల్లా)

జవాబు: ఆ మాట వినకండి. ఇంజిన్ పూర్తిగా ఆగిందంటే అది ఎమర్జెన్సీయే. ముందు ముక్కు దించి గ్లైడ్ స్పీడు (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం తేలుతూ సాగే వేగం) పట్టండి. 172ఎస్ మోడల్‌కి పూర్తి బరువుతో 68 నాట్లు. దిగే చోటు ఎంచుకుని అటు తిప్పండి. ఆ తర్వాత స్టార్ట్ చేసి చూడండి: ఫ్యూయల్ సెలెక్టర్ ‘బోత్’ (రెండు ట్యాంకులూ), ఇంధనం ఆపే షటాఫ్ నాబ్ లోపలికి, మిక్స్చర్ రిచ్ (ఇంధనం పాలు ఎక్కువ), ఇంధన పంపు ఆన్, మాగ్నెటోలు (నిప్పురవ్వనిచ్చేవి) ‘బోత్’. ఇదంతా ఒక్క విడతే. ఇంజిన్ అందుకోలేదా, రెండో విడత మొదలుపెట్టే ముందే మేడే చెప్పేయండి.

ఎందుకింత తొందర అంటే, మీ జయపురం నేలే సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తు. ఆల్టిమీటరు 5,000 చూపిస్తున్నా మీ కింద ఉన్నవి 3,000 అడుగులే. గాలి లేనప్పుడు వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైలు చొప్పున సుమారు 8 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలు మాత్రమే తేలుతూ సాగగలరు. పైగా దిగేకొద్దీ రేడియోకి కొండలు అడ్డొస్తాయి. మీ జిల్లాలోని దేవమాలి శిఖరమే 1,672 మీటర్లు! పైనుంచి వినిపించే మాట కింది నుంచి వినిపించదు.

అప్పటికే మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే చెప్పండి. జవాబు రాకపోతే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ 121.5. మేడే మూడుసార్లు, కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు), ఏమైంది, ఎక్కడ దిగుతున్నారు, ఎత్తు, లోపల ఎంతమంది. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు కోడ్ పంపే పరికరం) ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టండి.

ఇంజిన్ దడదడలాడుతూ ఎత్తు నిలుపుతుంటే పాన్ పాన్ (మేడే కన్నా ఒక మెట్టు కిందిది, అత్యవసర పిలుపు) చాలు. ఎత్తు నిలవకపోతే మేడేకి మారండి. కార్బ్యురేటర్ ఉన్న పాత 172 అయితే, వానాకాలపు తేమలో ముందు కార్బ్యురేటర్‌లో పట్టే మంచునే అనుమానించాలి. 20 డిగ్రీల వేడిలోనూ అది పడుతుంది. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే నాబ్) పూర్తిగా లాగండి. మంచు కరిగిన నీళ్ళు లోపలికి పోయి కాసేపు ఇంకా దడదడలాడుతుంది. భయపడి వెనక్కి నెట్టేయడమే చాలామంది చేసే పొరపాటు. ఇంజిన్ పూర్తిగా ఆగాక ఆ వేడి కూడా దొరకదు.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే మాత్రం రేడియో సంగతి తర్వాత. ముక్కు దించి ఎదురుగా ఉన్న మడిలో దించండి.

ఇక సంజాయిషీ అంటారా, ఇంజిన్ అందుకుంటే మేడే రద్దు చేస్తున్నానని అదే ఫ్రీక్వెన్సీలో చెప్పవచ్చు. తర్వాత రాయాల్సిన రిపోర్టు మీరు మేడే చెప్పినా, చెప్పకపోయినా రాయాల్సిందే.