టెక్ సందేహాలు: పాత రౌటర్‌ను వీధి గుమ్మంలో కాపలా పెట్టకండి

ప్రశ్న: మా రౌటర్‌లో ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ నిల్వ ఉండే చిప్పు) 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. రౌటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 వేసుకుని వాడుతున్నాను. కొత్త వెర్షన్ ఫైలు అధికారిక సైటులో లేదు. టెలిగ్రామ్ గ్రూపులో ఒకరు ఇదే మోడలుకు సరిపోయేలా తయారుచేసి పెట్టారు. వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. మోడలు పేరు మాత్రం మారుతూ ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కనుక, ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ రౌటర్‌కు అధికారికంగా 19.07 శ్రేణే చివరిది; అందులోని ఆఖరి విడుదల 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 2021లో వచ్చిన 21.02 నుంచి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండాలన్నారు. ఇందుకు డెవలపర్లను తిట్టేవారున్నారు గానీ, ఈ తరగతి రౌటర్లలో చాలావాటికి, పెట్టెను మేల్కొలిపే బూట్‌లోడర్‌కు 128 కేబీ, వైఫై రేడియో కొలతలుండే క్యాలిబ్రేషన్ డేటాకు 64 కేబీ పోగా మిగిలేది 3,904 కేబీ. సాఫ్ట్‌వేర్ మూలభాగమైన కెర్నల్, వైఫై డ్రైవర్, మీ సెట్టింగులు అన్నీ అందులోనే ఇమడాలి. కోపగించుకోవలసింది చిప్పు దగ్గర కక్కుర్తిపడి, అదే పెట్టెను ఏళ్ల తరబడి కొత్తదిగా అమ్మిన తయారీదారుల మీద.

ఇక ఆ టెలిగ్రామ్ ఫైలు. తయారుచేసిన వ్యక్తి దూరం నుంచి రౌటర్‌లోకి చొరబడేందుకు తన ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవిని అందులో ముందే పెట్టి ఉండవచ్చు, సైటు పేరు చెబితే అది ఎక్కడుందో చూపే డీఎన్‌ఎస్ సర్వర్‌ను మార్చి ఉండవచ్చు. అప్పుడు మీరు బ్యాంకు చిరునామా టైపు చేసినా తెరుచుకునేది ఆయన చూపించిన పేజీ. బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక ఇస్తుంది నిజమే, కానీ దాన్ని చదవకుండా ముందుకు నొక్కేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అనుమానం వచ్చి రీసెట్ చేసినా లాభం లేదు. రీసెట్ తుడిచేది మీరు మార్చిన సెట్టింగులుండే పై పొరనే. కింద చదవడానికి మాత్రమే వీలున్న స్క్వాష్‌ఎఫ్‌ఎస్ పొర ఆయన వండి పెట్టినట్టే ఉంటుంది. ఫైలు పక్కన ఆయనే ఇచ్చిన చెక్‌సమ్ (ఫైలును సరిచూసుకునే సంఖ్య) సరిపోయిందంటే డౌన్‌లోడ్ చెడలేదని అర్థం, అంతకుమించి ఏమీ కాదు.

కొత్త వెర్షన్ వేసుకోదలిస్తే సోర్స్ కోడ్ నుంచి మీరే కంపైల్ చేసుకోండి, అంటే రౌటర్‌లో వేసే ఇమేజ్ ఫైలును మీరే తయారుచేసుకోండి. రౌటర్ లోపల ప్యాకేజీలు తీసేస్తే చోటు కలిసొస్తుందనుకోవడం పొరపాటు: మొదటి నుంచీ ఉన్నవి కింది పొరలో అలాగే ఉంటాయి, తీసేసినట్టు రాసుకోవడానికి పై పొరలో మరికొంత చోటు పోతుంది. తీసేయడమంటే ఇమేజ్ తయారయ్యేటప్పుడే తీసేయాలి. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టె లాగిన్, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచడం) పనులు చేస్తూంటే, పాతదాన్ని దాని వెనక వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్‌గా పెట్టి, కేబుల్‌ను ల్యాన్ పోర్టుకే కలపండి. అప్పుడు పీపీపీ (లాగిన్ కోసం), ఫైర్‌వాల్, డీఎన్‌ఎస్‌మాస్క్ (డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీల కోసం), సెట్టింగులు మార్చుకునే లూసీ వెబ్ పేజీ ఏవీ అక్కర్లేదు. డబ్ల్యూప్యాడ్‌ను మాత్రం ముట్టుకోకండి. అది పోతే వైఫైకి పాస్‌వర్డ్ పెట్టుకునే వీలే ఉండదు.

ఫ్లాష్‌లో పట్టినంత మాత్రాన ర్యామ్ చాలుతుందని కాదు. నా బల్ల మీదున్న ఇలాంటి పెట్టెలో లూసీ లేకుండా 22.03 కంపైల్ చేసి వేస్తే చక్కగా బూట్ అయింది; నాలుగో ఫోను కలిసేసరికి మెమరీ చాలక, వైఫైని నడిపే ప్రక్రియనే కెర్నల్ చంపేసింది. ఒకటి రెండు పరికరాలకైతే సరే. ఇంటిల్లిపాదికీ, అందులోనూ నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా, ఇది పనికిరాదు.

టంకం పని వచ్చినవారు ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్పును 16 ఎంబీదానితో మార్చుకుంటున్నారు. మీరూ ఆ దారి పడితే, పాత చిప్పు మొత్తాన్ని ముందే కాపీ తీసుకోండి: క్యాలిబ్రేషన్ డేటా ఏ రౌటర్‌కు ఆ రౌటర్‌దే, పక్కదాని నుంచి తెచ్చి వేస్తే సిగ్నల్ దెబ్బతింటుంది.