మూడో ల్యాప్‌కే కారు స్లో అయిపోతోందా, ముందు లగ్ చూడు

తమ్ముడూ, కొత్త బ్యాటరీలు వేసినా మూడో ల్యాప్‌కే మీ ఎలక్ట్రిక్ రేస్ కారు స్లో అయిపోతోంది, టెర్మినల్ దగ్గర వైరు కాలిపోతోంది అన్నావుగా, నాకైతే తప్పు బ్యాటరీది కాదు, లగ్ (వైరు చివర ఉండే లోహపు కొస) క్రింపింగ్‌దే, అంటే దాన్ని వైరుకి నొక్కి బిగించిన తీరుదే అనిపిస్తోంది. ఆ జాయింట్‌లో 0.01 ఓమ్ ఉన్నా 100 ఆంప్స్ లాగితే 1 వోల్ట్ అక్కడే పోయి 100 వాట్ల వేడి పుడుతుంది, ఇన్సులేషన్ కరగడానికి అది చాలు. మాకూ ఇలాగే అయితే లగ్ పట్టుకుని గట్టిగా లాగాం, వైరు ఊడి చేతిలోకొచ్చేసింది, రాగి పోగులన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి. నల్లబడ్డ ముక్క కత్తిరించేసి, వైరు సైజుకి సరిపోయే కొత్త లగ్ హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించు, సుత్తితో మాత్రం కొట్టకు. పని మొదలెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఉంగరాలు, వాచీ తీసెయ్యండి, ప్లీజ్. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి, కిల్ స్విచ్ (ప్రమాదంలో కరెంటు వెంటనే ఆపేసేది) డ్రైవర్‌కీ బయట నిలబడ్డవాళ్లకీ ఇద్దరికీ అందాలి, అది చూసుకోకుండా ట్రాక్ ఎక్కొద్దు.