ఆదివారం కొన్న తోటకూర, గురువారం తెరిచిన బఠానీ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం ఫ్రీజర్ చుట్టూనే తిరిగాయి. మిగతావి వచ్చే నెలకి ఉంచి, ఇవన్నీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్థులం. ఆదివారం రైతుబజారుకెళ్ళి వారానికి సరిపడా కూరలు తెచ్చుకుంటాం. బుధ, గురువారాలకొచ్చేసరికి ఆకుకూరలు వడలిపోయి, బీన్స్ మెత్తబడి కొంత చెత్తబుట్టలోకే పోతోంది. ఇది చూడలేక మావారు ఫ్రోజెన్ బఠానీ, స్వీట్‌కార్న్, మిక్స్‌డ్ వెజిటబుల్స్ తేవడం మొదలుపెట్టారు. మా అత్తగారేమో "ఎప్పుడు కోశారో తెలియని కూరలో సారం ఏముంటుంది, మందు కలపకుండా ఆర్నెల్లు ఎలా నిలవుంటుంది" అని అవి వేసిన కూర ముట్టుకోవడం లేదు. రోజూ వంటలోకి ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: ముందు మీ ఫ్రిజ్ కింది ట్రే ఒకసారి లాగి చూడండమ్మా. మా ఇంట్లో అయితే అడుగున ఓ కవరులో నల్లబడిన కొత్తిమీర, దాని పక్కన ముడతలు పడ్డ క్యాప్సికం ఎప్పుడూ ఉంటాయి. తాజా కూర అనగానే మనకి పొద్దున్నే పాదు మీంచి కోసుకొచ్చిన కూర మనసులో మెదులుతుంది గానీ, మీరు గురువారం వండేది అది కాదు కదా. శనివారం ఎక్కడో కోసి, రాత్రంతా లారీలోనో ఆటోలోనో ప్రయాణం చేసి, ఆదివారం ఎండలో రాశి పోసి నీళ్ళు చల్లితే నిగనిగలాడి, ఆ తర్వాత నాలుగు రోజులు మీ ఫ్రిజ్‌లో కూర్చున్న కూర అది. దాంతో పోల్చాలి ఫ్రోజెన్ ప్యాకెట్‌ని.

ఫ్రోజెన్ కూర ఎలా తయారవుతుందో మీ అత్తగారికి చెప్తే సగం అనుమానం పోతుంది. కాయ కోసినా దానిలోని ఎంజైములు ఊరుకోవు, రంగు పోవడం, పసరు వాసన రావడం, రుచి మారడం అన్నీ వాటి పనే, ఉత్త చలికి అవి పూర్తిగా లొంగవు. అందుకని ఫ్యాక్టరీలో కూరని ముందు మరిగే నీళ్ళలోనో ఆవిరిలోనో ఒకటి రెండు నిమిషాలు ఉంచి వెంటనే చల్లారుస్తారు, దీన్నే బ్లాంచింగ్ అంటారు. ఆ తర్వాత అడుగునుంచి మైనస్ 30, 40 డిగ్రీల గాలి గట్టిగా కొడుతుంటే, మూకుట్లో పేలాలు గెంతినట్టు బఠానీలు గెంతుతూ నిమిషాల్లో విడివిడిగా గడ్డకడతాయి. ప్యాకెట్ ఊపితే గలగలమనేది అందుకే. ఇక మందు సంగతి. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, కాబట్టి వేరే మందు కలపాల్సిన పనే లేదు. ప్యాకెట్ వెనక తిప్పి పదార్థాల జాబితా చదవండి, "పచ్చి బఠానీ" అన్న ఒక్క మాట ఉంటే చాలు. నాలుగైదు పేర్లుంటే దాన్ని కూర లెక్కలో వేయకండి. ఫ్రెంచ్ ఫ్రైస్, ఆలూ టిక్కీ లాంటివి ఫ్రీజర్లో పక్కపక్కనే ఉన్నా అవి నూనె, ఉప్పు పట్టించిన చిరుతిండ్లు, కూరగాయలు కావు.

సారం మాటకొస్తే, బ్లాంచింగ్‌లో సి విటమిన్ కొంత, ఫోలేట్ లాంటి బి విటమిన్లు కొంత నీళ్ళలోకి పోతాయి. పీచు, ఖనిజాలు చాలావరకు అలాగే ఉంటాయి. కాకపోతే ఆ నష్టం మొదట్లో ఒకసారి జరుగుతుంది, గడ్డకట్టాక చాలా నెమ్మదిస్తుంది. తాజా పాలకూరలో మాత్రం కోసిన గంట నుంచి రోజూ కొంచెం కొంచెం తరుగుతూనే ఉంటుంది. అమెరికాలో డేవిస్ ఊళ్ళోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో బఠానీ, క్యారెట్, పాలకూర, బీన్స్ లాంటి కూరలు, పండ్లు కలిపి ఎనిమిది రకాలను ఫ్రిజ్‌లో పెట్టినవీ, ఫ్రీజ్ చేసినవీ పోల్చి చూశారు. సి విటమిన్ అయిదింటిలో దాదాపు సమానం, మూడింటిలో ఫ్రోజెన్‌లోనే ఎక్కువ. ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ మాత్రం బఠానీ, క్యారెట్, పాలకూరల్లో ఫ్రీజ్ చేస్తే తగ్గింది. అంటే ఏ ఒక్కటీ అన్నిటా గెలవలేదు.

అయితే మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. బీర, సొర, పొట్ల, దోస, వంకాయ, ఇవి నీళ్ళ కాయలు. నీరు గడ్డకట్టినప్పుడు మంచు ముక్కలు లోపలి గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక మిగిలేది స్పాంజి. మన ఇళ్ళల్లో రోజూ వండే కూరల్లో సగం ఇవే కాబట్టి, తెలుగు వంట మొత్తం ఫ్రీజర్ మీద నడపడం కుదరదు. బఠానీ, స్వీట్‌కార్న్, బీన్స్, పప్పులోకి పాలకూర, మెంతికూర, వీటికి మాత్రం ఫ్రోజెన్ హాయిగా పనికొస్తుంది. బఠానీ అయితే చలికాలం దాటాక నేను ఫ్రోజెనే కొంటాను. కిలో కాయ ఒలిస్తే అరకిలో గింజ కూడా రాదు, అందులో పుచ్చులు, ముదురువి పోగా మిగిలేది చూసుకుంటే ప్యాకెట్ ధర ఎక్కువేం కాదు. మిక్స్‌డ్ వెజిటబుల్స్ మీద మాత్రం నాకంత మోజు లేదు. అందులో సగం క్యారెట్ ముక్కలు. క్యారెట్ ఆకులు తీసేసి కవర్లో పెడితే ఫ్రిజ్‌లోనే రెండు వారాలు బాగుంటుంది, దానికి మంచు ఎందుకు?

మీరు చేయాల్సింది వండే వరస మార్చడం. ఆది, సోమ ఆకుకూరలు. మంగళ, బుధ బెండ, బీర, చిక్కుడు, వంకాయ. గురువారానికి దొండ, క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, కంద లాంటి మొండి సరుకు. శుక్ర, శనివారాల్లో ఇంటికొచ్చేసరికి ఎనిమిదైతే బఠానీ ప్యాకెట్ కత్తిరించండి. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి ఆకుకూరలతో కలిపి రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమంది. ఆ రాత్రి కూర వండే ఓపిక లేక పచ్చడీ పెరుగూ వేసుకుని లేచిపోవడం కంటే ఫ్రోజెన్ బఠానీ కూర వెయ్యి రెట్లు నయం.

వండేటప్పుడు ఒక్క జాగ్రత్త. అది ముందే సగం ఉడికిన సరుకు. బయట పెట్టి కరిగించకుండా, కుక్కర్లో వేయకుండా, కూర దింపే ముందు నాలుగైదు నిమిషాలు ఉండగా నేరుగా వేసేయండి. ఫ్రోజెన్ బఠానీకి రెండు విజిల్స్ పెట్టి "రుచి లేదు" అనేవాళ్ళే ఎక్కువ.

అన్నట్టు, మీ అత్తగారిని గోరుచిక్కుడు ఒరుగులు, కాకర ఒరుగులు ఎలా పెట్టేవారో అడగండి. ఎండలో ఎండబెట్టి ఏడాదంతా డబ్బాలో దాచిన ఒరుగుల్లో మిగిలే సి విటమిన్ కంటే ఈ ప్యాకెట్లో ఉన్నది ఎక్కువే. ఆ మాట మాత్రం మీరు అనకండి, మీ వారి చేత అనిపించండి.

ప్రశ్న: ఇక్కడ ఇండియన్ స్టోర్లో తాజా బెండకాయలు ముదురువే దొరుకుతున్నాయి, అందుకని ఫ్రోజెన్ కట్ బెండకాయ కొంటున్నాను. వేపుడు చేస్తే ప్రతిసారీ జిగురు జిగురుగా ముద్దవుతోంది. ఏం తప్పు చేస్తున్నాను?
– డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్యాకెట్ ముందే బయటపెట్టి కరిగిస్తున్నారు, మొత్తం ఒకేసారి బాణలిలో గుమ్మరిస్తున్నారు, మూత పెడుతున్నారు, ఉప్పు ముందే వేస్తున్నారు. నాలుగూ చేయకపోయినా రెండైనా చేస్తుంటారు.

వెడల్పాటి ఇనప మూకుడు బాగా కాలనివ్వండి, నూనె వేయండి, ఫ్రీజర్లోంచి తీసిన ముక్కల్ని అప్పటికప్పుడు వేయండి, సగం ప్యాకెట్ మించకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా. చుయ్యిమని ఆవిరి లేస్తుంది, లేవాలి, లేవకపోతే మూకుడు కాలలేదని అర్థం. మొదటి అయిదు నిమిషాలు గరిటె పెట్టకండి. అడుగు ఎర్రబడ్డాక ఒక్కసారి తిప్పి, తీగలు సాగడం ఆగిపోయాకే ఉప్పు, కారం. ఒవెన్ ఉంటే ఇంకా సుఖం, 425 ఫారెన్‌హీట్‌లో నూనె పట్టించి ట్రేలో పలచగా పరిచి పావుగంట పైన ఉంచి, మధ్యలో ఒకసారి కదపండి. ఎంత చేసినా లేత బెండకాయ వేపుడు కరకర మాత్రం రాదు, ఆశ పెట్టుకోకండి.

నన్నడిగితే ఆ ప్యాకెట్‌ని బెండకాయ పులుసుకి ఉంచండి. చింతపండు పులుపు తగిలితే జిగట విరుగుతుంది. మీ దగ్గర్లోని లూసియానా వాళ్ళు గంబో అనే పులుసులో చిక్కదనం కోసం కావాలనే ఆ జిగురు వాడుకుంటారు, మనమేమో దాంతో యుద్ధం చేస్తాం. మీ టెక్సాస్ ఎండకి బెండ చెట్టు బాగా కాస్తుంది, పెరడుంటే మే నెలలో నాలుగు గింజలు నాటండి.

ఫ్రోజెన్ మునక్కాడలు సాంబారుకి బాగుంటాయి, చివర్లో వేయాలి, లేకపోతే పీచులు విడిపోయి తేలతాయి. ఫ్రోజెన్ గోంగూర నీరు వదులుతుంది కాబట్టి పచ్చడికి నూనెలో పూర్తిగా ఇగిరేదాకా మగ్గించండి, పప్పుకైతే ఆ బాధ లేదు. కొబ్బరి కోరు ఫ్రోజెన్‌కి నేను వంద మార్కులు వేస్తాను.

ప్రశ్న: మొన్న గాలివానకి మా ఊళ్ళో రాత్రంతా కరెంటు లేదు. ఫ్రీజర్లో బఠానీ ప్యాకెట్ పొద్దున్నకి మెత్తబడి మళ్ళీ గడ్డకట్టింది. వాడొచ్చా?
– పాలకొల్లు నుంచి

జవాబు: మీరు చూసినప్పుడు ఇంకా మంచు పలుకులు ఉండి, తాకితే చల్లగా ఉంటే వాడొచ్చు, రుచి, గట్టిదనం తగ్గుతాయంతే. పూర్తిగా కరిగి, నీరు కారి, మామూలు వేడికి వచ్చి రెండు గంటలు దాటితే పారేయండి. చలికి సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి, కరగగానే లేస్తాయి.

నిద్రపోయి లేచాక ఎంతసేపు కరెంటు లేదో తెలియని ఇళ్ళకి పాత చిట్కా ఒకటుంది. గ్లాసులో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్లోనే ఉంచేయండి. బిళ్ళ పైనే ఉంటే సరే, అడుక్కి దిగి ఉంటే లోపల సరుకంతా కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టే. కొట్లో కొనేటప్పుడు కూడా ఇదే అనుమానం పెట్టుకోండి. ప్యాకెట్ ఊపితే గలగలమనకుండా ఒకే ముద్దగా ఉంటే దారిలో ఎక్కడో కరిగింది, పక్కన పెట్టేయండి.

ప్రశ్న: జనవరిలో బఠానీ చవగ్గా దొరుకుతుంది కదా, ఇంట్లోనే ఫ్రీజ్ చేసుకోవచ్చా? మరి వేసవిలో ఒలిచి కవర్లలో అమ్మే పచ్చి బఠానీ సంగతేమిటి?
– గృహిణి, వరంగల్

జవాబు: చేసుకోవచ్చు. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లనిచ్చి, గింజలు వేసి ఒకటిన్నర, రెండు నిమిషాలు. గడియారం చూసుకోండి, కబుర్లలో పడితే ఉడికిపోతాయి. వడకట్టి వెంటనే ఐసు నీళ్ళలో వేసి, చల్లబడ్డాక పాత నూలు చీర మీద తడి లేకుండా ఆరబెట్టండి. తర్వాత పళ్ళెంలో ఒక్క వరసగా పరిచి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, పొద్దున్న జిప్ కవర్లలోకి ఎత్తి గాలి నొక్కి తీసేయండి. నేరుగా కవర్లో పోస్తే ఇటుక అవుతుంది, తర్వాత రోకలితో కొట్టుకోవాలి. కవరుకి ఒక పూట కూరకి సరిపడానే పోయండి. మన ఫ్రీజర్ ఫ్యాక్టరీ అంత వేగంగా గడ్డకట్టించలేదు కాబట్టి ఆరు నెలల్లో వాడేయండి.

వేసవిలో కవర్లలో మెరిసిపోయే ఆకుపచ్చ బఠానీ చాలాచోట్ల ఎండు బఠానీ నానబెట్టిందే, కొన్నిచోట్ల దానికి రంగు కూడా వేస్తారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పిన పరీక్ష చాలా తేలిక. గాజు గ్లాసు నీళ్ళలో కాసిని గింజలు వేసి కలిపి అరగంట ఆగండి, నీళ్ళు పచ్చబడితే రంగు వేసినట్టే.

ప్రశ్న: మా పాప ఫ్రోజెన్ స్వీట్‌కార్న్ కరిగించుకుని అలాగే సలాడ్‌లో కలుపుకుని తింటోంది. ఫరవాలేదా?
– బెంగళూరు

జవాబు: వద్దు. బ్లాంచింగ్ అంటే వండడం కాదు. యూరప్‌లో 2015 నుంచి 2018 జూన్ దాకా ఫ్రోజెన్ కార్న్, ఇతర ఫ్రోజెన్ కూరల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 47 మంది జబ్బుపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. మూడు నాలుగు నిమిషాలు పొగలు కక్కేలా ఉడికించి, చల్లారాక సలాడ్‌లో కలపండి. ఇంట్లో గర్భిణులుంటే మరీ జాగ్రత్త.

ప్రశ్న: గుత్తివంకాయలు ఎక్కువ కొనేశాం. ఫ్రీజ్ చేయొచ్చా?
– తెనాలి

జవాబు: నేను చేశాను. పన్నెండు లేత కాయలు, నాలుగు పక్షాలుగా చీల్చి, మసాలా కూరకుండానే డబ్బాలో పెట్టాను, పండక్కి పనికొస్తాయని. తీసేసరికి లోపల గోధుమరంగు తిరిగి, నొక్కితే గిన్నెలు తోమే పీచులా నీళ్ళు కారాయి. పచ్చివి ఫ్రీజ్ చేయకండి. ఈ పూటే కాల్చి, తొక్క తీసి, గుజ్జు డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచితే పచ్చి పులుసుకో పెరుగు పచ్చడికో వస్తుంది. మిగిలినవి పక్కింటికి పంపండి.